బెర్మెత్ అనని మాటలు

బుధవారం పొద్దున పదింటికి బెర్మెత్‌కి వాళ్ళమ్మ జూరా ఫోన్ చేసి ఏడ్చింది.

"ఎందుకు చేశావే తల్లీ ఈ పని? సరే, చేశావు పో. నలుగురికీ తెలిసేలా నీ నోటితో నువ్వే చెప్పుకోవాలా? తందూరు దగ్గర రొట్టెలు కాలుస్తుంటే పక్కింటావిడ పనిగట్టుకుని వచ్చి చూపించింది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఏం చెప్పానమ్మా? ఎవరితో?"

"నన్నడుగుతావేం? పంపిస్తున్నా, నువ్వే చూసుకో."

బెర్మెత్ మ్యూజియంలో తన గదిలోనే ఉంది. ఆకుపచ్చ స్వెటర్ వేసుకుని, వెనక రాళ్ళ అల్మారాతో, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఉంది. ఫోన్ తెరిస్తే, అందులోనూ అదే స్వెటర్, అదే అల్మారా, అదే కుర్చీ. అందులోని బెర్మెత్ మాట్లాడబోయే ముందు ఎడమ చెవి తమ్మె ఒకసారి తడుముకుంది. అది ఆమెకి చిన్నప్పటి అలవాటు.

"అందరూ నన్ను క్షమించాలి," అంది ఫోన్‌లోని మనిషి. "ఆ రాయి నిజం కాదు. జంతువు బొమ్మని ఏఐతో చేశాం, రాయిని సిమెంటుతో పోశాం. సరీకుంగోయ్ వాళ్ళ మేత కొండకి కంచె వెయ్యాలంటే ఏదో ఒక కారణం కావాలన్నారు. నేను ఒప్పుకున్నాను."

బెర్మెత్ దాన్ని మళ్ళీ మొదటినుంచి పెట్టింది. గొంతు తనదే. మాట చివర కొంచెం ముక్కుతో పలికే తీరు కూడా తనదే. ఒక్క క్షణం, ఎప్పుడైనా జ్వరంలోనో నిద్రలోనో ఇలా అన్నానా అని తనలో తనే వెతుక్కుంది. ఆ వెతుక్కోవడమే ఆమెని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

"అమ్మా, అది నేను కాదు," అంది.

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత జూరా నెమ్మదిగా అంది: "నేను కన్న మొహం నాకు తెలీదా?"

*

బెర్మెత్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. బత్కెన్ కొండల్లో రాళ్ళు పగలగొట్టి, వాటిలో చచ్చి రాయిగా మారిన పురుగుల్నీ ఆకుల్నీ వెతకడం పద్నాలుగేళ్ళుగా ఆమె పని. ఇరవై మూడు కోట్ల ఏళ్ళ కిందట ఆ కొండల చోట ఒక సరస్సు ఉండేది. దాని అడుగు బురద పొరలు పొరలుగా గట్టిపడి, ఇప్పుడు సరీకుంగోయ్ అనే ఊరి పైన కారాజర్ లోయలో పుస్తకం పేజీల్లా విచ్చుకుంటోంది. మే నెలలో అక్కడ ఒక పలక విప్పితే, లోపల అరచేయంత బల్లి కనిపించింది. వెనక కాళ్ళ చుట్టూ పల్చటి చర్మం పరుచుకుని ఉంది. చెట్టు మీంచి చెట్టుకి గాలిలో జారే జంతువు. పక్కన ఎవరూ లేకపోతే బెర్మెత్ గంతులేసేది. ఊళ్ళో తనకి గది అద్దెకిచ్చిన షైర్ అపా, అంటే షైర్ అక్క, అప్పుడే పెరుగు పట్టుకుని వస్తూండటంతో ఊరుకుంది.

ఆ తర్వాత చేసిన పని మాత్రం నిజంగా ఆమె తప్పే. నల్లటి రాయి మీద నల్లటి గీతలు చూపిస్తే ఎవరూ రెండు సెకన్లు కూడా చూడరని ఆమెకి తెలుసు. అందుకని వీడియో చేసేటప్పుడు, ఆ బల్లి బతికుండగా ఎలా ఎగిరేదో ఏఐ చేత ఒక బొమ్మ చేయించింది. బొమ్మ ఎంతో అందంగా వచ్చింది. పైన సంతకం లేదు, కింద వివరం లేదు. ఏఐ చేసిందని ఎక్కడా చెప్పలేదు. చివర్లో, "ఇలాంటి లోయని మనమే కాపాడుకోవాలి" అని ఒక మాట అంది.

పది రోజులు అందరూ మెచ్చుకున్నారు. పదకొండో రోజు ఎవరో ఆ బొమ్మని పెద్దది చేసి, ముందు కాలికి ఏడు వేళ్ళున్నాయని గుండ్రంగా ఎర్ర గీత గీసి పెట్టారు. అంతే. బొమ్మ దొంగదైతే రాయి కూడా దొంగదే అన్నారు. "కాపాడుకోవాలి" అన్న మాట నాలుగు నోళ్ళు దాటేసరికి "కంచె వేస్తారట" అయింది. ఎనిమిది నోళ్ళు దాటాక సరీకుంగోయ్ గొర్రెలకి మేతే ఉండదట అయింది. ఇప్పుడు ఈ వీడియో.

మ్యూజియం డైరెక్టర్ ఓర్మోన్ మంచివాడే, కానీ రిటైర్మెంటుకి ఇంకా ఆర్నెల్లే ఉంది ఆయనకి. గది తలుపు వేసి, కర్టెన్ లాగి, అప్పుడు మాట్లాడాడు.

"ఏం మాట్లాడకమ్మా. మాట్లాడిన కొద్దీ పెరుగుతుంది. నాలుగు రోజులు అమ్మ దగ్గరికెళ్ళి కూర్చో."

"అమ్మే నమ్మట్లేదు ఓర్మోన్ బైకే," అంది బెర్మెత్, అన్నయ్యా అని పిలిచినట్టు.

"నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకో వీడియో మాత్రం పెట్టకు. అది కూడా దొంగదే అంటారు. ఇందాక గేటు దగ్గరికి ఇద్దరు వచ్చి నువ్వు ఏ వీధిలో ఉంటావని వాచ్‌మన్‌ని అడిగారట. తెలీదన్నాడట. వాడికి తెలుసు, అయినా తెలీదన్నాడు. అందరూ అలా అనరు కదా."

ఆ రోజు నుంచి బెర్మెత్ ఇంటికి వెళ్ళేదారి మార్చింది. వెనక అడుగుల చప్పుడైతే దుకాణం అద్దం ముందు ఆగి, ఏదో కొనేదానిలా చూస్తూ, ఆ అడుగులు దాటిపోయేదాకా కదిలేది కాదు. ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి రోజుకి నలభై ఫోన్లు. ఒకాయన తిట్టలేదు, అరవలేదు. "మీ అమ్మగారి ఇంటి గేటు నీలం రంగు కదూ?" అని అడిగి పెట్టేశాడు. గేటు నీలం రంగే.

మరుసటి వారం గురువారం మధ్యాహ్నం షైర్ అపా ఫోన్ చేసింది. ఆమెకి డెబ్బై దాటాయి, ఫోన్‌లో కూడా లోయ అవతలి గట్టు మీద ఉన్న మనిషితో మాట్లాడినట్టే అరుస్తుంది.

"అమ్మాయ్! రేపు శుక్రవారం నమాజు అయ్యాక మీ లోయని పూడ్చేస్తారట. కోజుబెక్ ఎక్కడినుంచో పొక్లెయిన్ పిలిపించాడు. రాళ్ళే లేకపోతే కంచె దేనికి వేస్తారు అంటున్నాడు."

"పూడ్చెయ్యడమేంటి అపా! లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో..."

"నాతో అంటావేం? వాళ్ళకి చెప్పు. నేను చెబితే, ముసల్దానికి కిరాయి ముట్టింది, అందుకే వెనకేసుకొస్తోంది అంటున్నారు."

"నేనొస్తే కొడతారేమో అపా."

షైర్ అపా వెంటనే ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి అలా ఊరుకుందంటే, కొట్టొచ్చనే అర్థం.

*

సరీకుంగోయ్‌కి రోజుకి ఒక్కటే వ్యాను. బెర్మెత్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తల్లి శాలువా తలమీంచి గడ్డం దాకా చుట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది. సంచిలో ఆరు సుత్తులు, నాలుగు ఉలులు ఉన్నాయి. బల్లి ఉన్న పలకని తీసుకెళ్తానంటే ఓర్మోన్ ఇవ్వలేదు. ఇస్తే ఊళ్ళోవాళ్ళు పగలగొట్టేస్తారని ఆమెకీ తెలుసు.

పక్క సీట్లో ఒడ్డూ పొడుగూ ఉన్న ఒక నడివయసు ఆవిడ, ఒడిలో ఎండు ఖుబానీ పళ్ళ సంచితో కూర్చుంది. వ్యాను ఊరు దాటగానే డ్రైవరు ఫోన్‌ని అద్దం కింద తగిలించి ఆ వీడియోనే పెట్టాడు. "అందరూ నన్ను క్షమించాలి," అని బెర్మెత్ గొంతు వ్యానంతా నిండింది.

"చూశారా, ఎంత నంగనాచిలా చెబుతోందో," అన్నాడు డ్రైవరు.

"నాకు ముందే తెలుసు," అంది పక్కావిడ. "మా అమ్మాయి స్కూలుకి ఒకసారి వచ్చింది, రాళ్ళు చూపించడానికి. కళ్ళలో కళ్ళు పెట్టి చూడదు. అప్పుడే అనుకున్నా, ఈవిడ మంచిది కాదని."

బెర్మెత్ జన్మలో ఆ స్కూలుకి వెళ్ళలేదు.

"అన్నీ మిషన్లే చేస్తున్నాయి ఈ కాలంలో," అన్నాడు వెనకనుంచి టోపీ పెట్టుకున్న ముసలాయన. "నిన్న నా మనవడు చూపించాడు, నేను డాన్సు చేస్తున్నా. ఈ మోకాళ్ళతో!"

అందరూ నవ్వారు. బెర్మెత్ కూడా నవ్వాలనుకుంది గానీ పెదాలు కదల్లేదు.

"ఏంటి చెల్లీ, మొహం అలా పాలిపోయింది? బండి పడదా?" అంటూ పక్కావిడ గుప్పెడు ఖుబానీలు ఆమె చేతిలో పోసింది. "నోట్లో వేసుకో. ఎవరింటికి?"

"షైర్ అపా ఇంటికి."

"ఏమవుతావు ఆవిడకి?"

"దూరపు... చుట్టం," అంది బెర్మెత్. అంటూ, తెలియకుండానే ఎడమ చెవి తమ్మె తడుముకుంది.

పక్కావిడ చూపు ఆ చేతిమీద ఆగింది. తర్వాత అద్దం కింద వేలాడుతున్న ఫోన్ మీదికి వెళ్ళింది. మళ్ళీ చేతిమీదికి వచ్చింది. ఖుబానీల సంచి మూతి బిగించి, తన ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది. ఆ తర్వాత గంటన్నర ప్రయాణంలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడు అరుస్తుందో, ఎప్పుడు డ్రైవర్ని ఆపమంటుందో అని బెర్మెత్ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. అరిచి ఉంటే నయమనిపించింది. నోట్లో ఖుబానీ అలాగే ఉండిపోయింది.

*

కారాజర్ లోయ మొదట్లో నలభై మంది దాకా ఉన్నారు. తెల్లటి ఎత్తు టోపీల మధ్య పసుపు రంగు పొక్లెయిన్ మెడ చాచి నిలబడి ఉంది. షైర్ అపా బెర్మెత్ మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది గానీ, నిజానికి ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

"వచ్చిందిరో!" అని ఎవరో అరిచారు. గుంపు తిరిగింది. నలభై మొహాలూ ఒక్కసారిగా తన వైపు తిరిగేసరికి బెర్మెత్ శాలువా తీసేసింది. దాచుకోవడానికి ఇంక ఏం మిగిలింది?

కోజుబెక్ ముందుకొచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, ఎండకి కమిలిన మెడ, పని చేసి చేసి మొద్దుబారిన చేతులు. రష్యాలో కట్టడాల పనిలో పదేళ్ళుండి, రెండేళ్ళ కిందట తిరిగొచ్చి గొర్రెలు పెట్టుకున్నాడు.

"ధైర్యం బాగానే ఉంది," అన్నాడు. "మొహం చూపించడానికి వచ్చావా? చూశాంలే, రోజూ చూస్తున్నాం."

"బైకే, రెండు మాటలు చెప్పనివ్వండి."

"చెప్పావుగా! సిమెంటన్నావు, కంచె అన్నావు. ఇంకేం మిగిలింది?"

బెర్మెత్ వ్యానులో వచ్చేటప్పుడు వరస పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటే గుర్తుంది: సగం ఒప్పుకోవాలి. సగం ఒప్పుకుంటే, మొత్తం ఒప్పుకున్నట్టే వింటారు. అయినా వేరే దారి లేదు.

"ఎగిరే బల్లి బొమ్మ ఏఐ చేసిందే," అంది. గుంపు ఒక్కసారిగా అరిచింది. ఆమె గొంతు పెంచింది. "అది నేనే చేయించాను! మీకు చెప్పలేదు. అందంగా ఉందని, అందరూ చూస్తారని ఆశపడ్డాను. వేళ్ళు కూడా లెక్కపెట్టుకోలేదు. ఆ తప్పు నాది. కానీ రాయి నిజం. కంచె మాట నేను ఎన్నడూ అనలేదు. ఆ రెండో వీడియోలో మాట్లాడింది నేను కాదు."

"అబ్బో! మొహం నీది, గొంతు నీది, మనిషి మాత్రం నువ్వు కాదు!" అంది ఒకావిడ.

"పొక్లెయిన్ మొదలెట్టండి," అని వెనకనుంచి కేక. అక్కణ్ణుంచే ఒక రాతి చెక్క విసురుగా వచ్చి బెర్మెత్ భుజానికి తగిలింది. పెద్ద దెబ్బ కాదు. కానీ అది మొదటిదని, దాని వెనక రెండోది ఉంటుందని ఆమెకి అర్థమై, చేతులు తలమీదికి వెళ్ళాయి.

"ఎవడ్రా అది? మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా?" అని షైర్ అపా కర్ర ఊపింది.

"అమ్మల ఊసెత్తకు అపా," అన్నాడు కోజుబెక్. అతని గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. గుంపు కూడా సద్దుమణిగింది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. తెలియంది బెర్మెత్‌కే. అతను ఆమె వైపు తిరిగాడు.

"మా అమ్మ ఎలా పోయిందో తెలుసా నీకు? రెండేళ్ళ కిందట, జనవరిలో. ఇంటికి ఫోనొచ్చింది. 'అమ్మా, నేను కోజుబెక్‌ని, కారు గుద్దేసింది, చచ్చిపోతున్నా' అని ఏడుస్తోంది. నా గొంతే. నేను చిన్నప్పుడు ఏడ్చినట్టే ఏడ్చిందట. ఆ మంచులో చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది, ఎవరినైనా బతిమాలుకుందామని. రోడ్డు మీదే పడిపోయింది. నేను ఆ టైముకి ఇటుకలు మోస్తున్నా. నాకేం కాలేదు. ఒక్క గీత కూడా పడలేదు."

పొక్లెయిన్ ఇంజన్ ఒక్కటే గురగురమంటోంది.

"ఆ గొంతు మీది కాదు కదా బైకే," అంది బెర్మెత్, చాలా మెల్లగా.

"గొంతు నాదే," అన్నాడతను. "అదే కదా. నాది కాకపోతే మా అమ్మ నమ్మేదా? మాటలే నావి కావు."

అలా అన్నాక, తను అన్నది తనే విన్నట్టు ఆగిపోయాడు. బెర్మెత్ మొహం వైపు చూశాడు. మొదటిసారి నిజంగా చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు కళ్ళు చిట్లించాడు. బెర్మెత్ కదల్లేదు.

"ఆ వీడియో చూసి మా అమ్మ నాతో అంది," అని చెప్పింది. "నేను కన్న మొహం నాకు తెలీదా అని."

కోజుబెక్ తల అడ్డంగా ఊపాడు.

"అయినా నిన్నెట్లా నమ్మేది? నువ్వు బాగా మాట్లాడతావు. మా అమ్మకి ఫోన్ చేసినవాడూ బాగానే మాట్లాడాడు."

"నన్ను నమ్మొద్దు. సుత్తి తీసుకోండి." సంచి విప్పి నేలమీద కుమ్మరించింది. "ఈ లోయ మీది. ఏ రాయి కావాలో మీరే ఎంచుకోండి, మీ చేత్తో మీరే విప్పండి. నేను ముట్టుకోను."

*

రాయి విప్పడం నేర్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. పొర ఎటు నడుస్తోందో చూసి, అంచున ఉలి పెట్టి, మెల్లగా తట్టాలి. కోపంగా కొడితే పొడైపోతుంది. మొదట్లో అందరూ కోపంగానే కొట్టారు.

బెర్మెత్ చేతులు వెనక్కి కట్టుకుని ఒక బండ పక్కన నిలబడింది. ఆమె భయం ఇప్పుడు ఇంకో రకం. ఆ పొరల సంగతి ఆమెకి తెలుసు. ఒక్కోరోజు రెండొందల రాళ్ళు విప్పినా ఒక ఈగ కాలు కూడా దొరకదు. రోజంతా ఖాళీ చేతులతో ఇంటికెళ్ళిన రోజులే ఆ పద్నాలుగేళ్ళలో ఎక్కువ. ఇవాళ అలాంటి రోజైతే?

అరగంట గడిచింది. ఏమీ లేదు. గంట అయింది. ఎండ నెత్తిమీద నుంచి భుజం మీదికి జరిగింది. దొరికినవి తుప్పు మరకలు, ఇసుక గీతలు. ప్రతిసారీ ఎవరో ఒకరు, "ఇదిగో బల్లి!" అని ఎగతాళిగా అరవడం, మిగతావాళ్ళు నవ్వడం. ఆ నవ్వుల్లో పస తగ్గి, విసుగు పెరుగుతోంది. ఇద్దరు సుత్తులు పారేసి పొక్లెయిన్ డ్రైవర్ దగ్గరికెళ్ళి ఏదో మాట్లాడుతున్నారు. అతను మీట మీద చెయ్యి వేశాడు.

"ఇది బొద్దింక కాదూ?" అంది షైర్ అపా.

ఆమె ఒడిలో రెండు చెక్కలుగా విడిన రాయి. మధ్యలో గోరంత రెక్క, దాని మీద సన్నటి నరాలు. బెర్మెత్ మెడ చాచి చూసింది గానీ, దగ్గరికి వెళ్ళలేదు.

"ఆవిడకి దొరక్కేం చేస్తుంది? కిరాయి పుచ్చుకునే మనిషాయె!" అన్నారెవరో. "ముందే పెట్టి తెచ్చుకున్నారు."

"రాయి లోపల ఎలా పెడతార్రా, సన్నాసీ? నీ బుర్ర లోపలే ఏమీ పెట్టలేకపోయారు!"

కొందరు నవ్వారు. కోజుబెక్ నవ్వలేదు. పొక్లెయిన్ వైపు చెయ్యి ఊపాడు. "పై రాళ్ళు వద్దు. ఆ గట్టుని లోపల్నుంచి తవ్వు. ఎవరి చెయ్యీ పడని రాయి కావాలి నాకు."

అతను చూపించిన గట్టు, మేలో బల్లి దొరికిన చోటికి మూరెడు దూరం. ఇనప పళ్ళు దానిలోకి దిగుతుంటే బెర్మెత్ పెదవి కొరుక్కుంది. లోపల ఏమేం ఉన్నాయో, ఏమేం నుజ్జవుతున్నాయో ఎవరికి తెలుసు? ఆపమని నోటిదాకా వచ్చింది. ఆపమంటే, ఏదో దాస్తోందంటారు. గోళ్ళు అరచేతుల్లో దిగేదాకా పిడికిళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడింది.

తొట్టి ఒక పెద్ద బండని నేలమీద పడేసింది. కోజుబెక్ మోకాళ్ళ మీద కూర్చుని ఉలి పెట్టాడు. మొదటి పొర ఖాళీ. రెండోది ఖాళీ. మూడో పొరకి అంచు చిట్లింది. అతను తిట్టుకుని, ఇంకో పక్కనుంచి, గొర్రె కాలి గిట్టలో ముల్లు తీసినంత మెల్లగా తట్టాడు. రాయి నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసి విచ్చుకుంది.

అతను లేవలేదు. జనం అతని భుజాల మీంచి వంగారు.

రాయి మీద అరచేయంత రెక్క. చివరదాకా చెక్కు చెదరని రెక్క. చెంచాలాంటి గుంటలు, వాటి మధ్య అడ్డగీతలు. ఇంకా తడిగా ఉంది, లోపలి మట్టివాసన వేస్తోంది.

"ఏంటిది?" అన్నాడు కోజుబెక్, తల ఎత్తకుండానే.

"పురుగు రెక్క బైకే. మిడతలాంటిది, కానీ చాలా పెద్దది. ఆ గుంటలున్నాయే, రెక్కలు రుద్దుకుని వాటితో చప్పుడు చేసేదనుకుంటున్నాం."

"పాడేదా?"

"పాడేదనే అనుకుంటున్నాం."

"ఎన్నాళ్ళ కిందట?"

"ఇరవై మూడు కోట్ల ఏళ్ళు, అటూ ఇటూగా."

"ఎవరు లెక్కపెట్టారు?" అని గుంపులోంచి ఒకాయన అడిగాడు. ఈసారి ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. రాళ్ళలోని అగ్నిపర్వతపు బూడిద పొరని ఎలా కొలుస్తారో బెర్మెత్ చెప్పింది. సగంలో తడబడింది. తనకి కచ్చితంగా తెలియని చోట తెలియదంది. ఎవరూ అరవలేదు.

పొక్లెయిన్ డ్రైవరు అద్దం దించాడు. "అయ్యా, పూడ్చాలా వద్దా? డీజిల్ తగలడిపోతోంది ఇక్కడ!"

"ఆపెయ్," అన్నాడు కోజుబెక్.

అందరూ ఒప్పుకోలేదు. పది మంది దాకా గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. రాయి నిజమైతే కంచె మరీ నిజమన్నమాట, అన్నాడొకడు. బెర్మెత్ ఊరి పెద్ద ముందు, కంచె వెయ్యమని తను ఎవరినీ అడగలేదని, ఎవరైనా ఆ మాట తెస్తే తనే ముందు వద్దంటానని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. షైర్ అపా ఇంటికొచ్చాక గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. షైర్ అపా టీ గిన్నె చేతికిచ్చి, అది ఒలికిపోకుండా తన చెయ్యి కూడా అడ్డం పెట్టింది.

*

ఎవరో ఆ రోజు జరిగిందంతా ఫోన్‌లో తీసి పెట్టారు. మూడు రోజులకల్లా లక్ష మంది చూశారు. కింద సగం మంది రాసిందొకటే: ఇదీ ఏఐ చేసిందే. ఆ మొద్దు చేతులాయన్ని చూడండి, అలాంటి వేళ్ళు మనుషులకి ఉండవు.

కోజుబెక్ ఫోన్ చేసి మండిపడ్డాడు. "నన్ను కూడా మిషనే చేసిందట! నా వేళ్ళు బాలేవట! వాళ్ళ ఇళ్ళకెళ్ళి ఈ వేళ్ళతోనే తలుపు కొడతా!"

ఆ మాటకి బెర్మెత్ నవ్వింది, చాలా రోజుల తర్వాత.

దొంగ వీడియో ఎవరు చేశారో చివరికీ తెలియలేదు. పోలీసులు కాగితం తీసుకుని, చూస్తామన్నారు. బెర్మెత్ మొదటి వీడియో తీసేసి, బొమ్మ సంగతి చెబుతూ ఇంకొకటి పెట్టింది. దాన్ని మూడొందల మంది చూశారు. జూరా కూతుర్ని నమ్మింది గానీ, అందుకు ఆమె స్వయంగా బస్సెక్కి వచ్చి, బెర్మెత్ మొహం రెండు చేతుల్తో పట్టుకుని, దగ్గరగా చూడాల్సి వచ్చింది. ఇంటి గేటుకి రంగు మార్పించింది. తెలియని నంబర్లు వస్తూనే ఉన్నాయి, ఇదివరకంత కాదు.

అక్టోబర్లో, వానపడుతున్న ఒక పొద్దున, కోజుబెక్ నంబర్ నుంచి ఫోనొచ్చింది.

"గట్టు విరిగింది. ఏదో ఎముక కనిపిస్తోంది. దవడ అనుకుంటా, పళ్ళున్నాయి. ఫోటో తియ్యను. తీసినా ఎవడూ నమ్మడు. నువ్వే రా."

లైను తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు. బెర్మెత్ ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. గొంతు కోజుబెక్‌దే. అయితే ఏం? గొంతుదేముంది? ఊరవతల, వానలో, ఒంటరిగా ఆ లోయకి తనని రప్పించాలనుకున్నవాడికి ఇంతకన్నా మంచి గొంతు ఎక్కడ దొరుకుతుంది? షైర్ అపాకి చేసింది; ఎత్తలేదు. ఓర్మోన్‌తో చెబితే వెళ్ళొద్దంటాడు.

అయినా వ్యానెక్కింది. ఎక్కే ముందు తల్లికి ఎక్కడికెళ్తోందో, ఎన్నింటికి తిరిగొస్తుందో చెప్పింది.

ఊరి మలుపు దగ్గర ఎవరూ లేరు. లోయ దారంతా బురద. మలుపు మలుపుకీ ఆగి వింటూ, చేతిలో సుత్తి బిగించి పట్టుకుని నడిచింది. ఆఖరి మలుపు తిరిగేసరికి, విరిగిన గట్టు కింద టార్పాలిన్ పట్టా ఒకటి, దాని రెండు మూలలు తన చేతులతో పైకెత్తి పట్టుకుని, నిలువునా తడుస్తూ కోజుబెక్ నిలబడి ఉన్నాడు. పక్కన కర్రకి గొడుగు కట్టుకుని షైర్ అపా.

"ఇంతసేపా?" అన్నాడు. "పొద్దున్నుంచీ పట్టుకునే ఉన్నా. చేతులు పడిపోతున్నాయి. ఫోన్ నీళ్ళల్లో పడింది."

బెర్మెత్ సుత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుని, పట్టా కిందికి వంగింది.